ఒళ్లు వంగని మనుషులు: నల్లగొండ నీళ్ల చరిత్ర, మన సాహిత్య భాష

ప్రజల చరిత్ర రాయాలని అనుకున్నప్పటి నుంచీ మనం భూమిని గురించి రాశాం, వెట్టిని గురించి రాశాం, వడ్డీ వ్యాపారాన్ని గురించి, తిరుగుబాట్లను గురించి రాశాం. ఈ రచనలన్నింటిలోనూ శ్రమజీవి శరీరం ఒకటి కనిపిస్తుంది. అది నాగలి పడుతుంది, బరువు మోస్తుంది, దెబ్బలు తింటుంది, పిడికిలి బిగిస్తుంది. అయితే ఆ శరీరం ఏ బావి నీళ్లు తాగింది, ఆ నీళ్లు దాని ఎముకల్ని ఏం చేశాయి, నడివయసు రాకముందే మెడ తిప్పలేని స్థితికి వచ్చిన మనిషి పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎట్లా బతికింది అనే ప్రశ్నలు మన చరిత్రలోకీ సాహిత్యంలోకీ రావలసినంతగా రాలేదు. వైకల్యాన్నీ దీర్ఘవ్యాధినీ ఒక్కొక్క ఇంటి దురదృష్టంగా చూడటానికి మనం అలవాటు పడ్డాం. దురదృష్టానికి చరిత్ర వుండదు. కనుక దాన్ని రాయవలసిన అవసరమూ మనకు కనపడలేదు.

నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ ఈ అలవాటును ప్రశ్నించే ఉదాహరణ. ప్రగతిశీల సాహిత్యంలో నల్లగొండ అనగానే 1946–51 నాటి సాయుధ రైతాంగ పోరాటం గుర్తుకు వస్తుంది. అది న్యాయమే. కాని ఆ పోరాటం జరిగిన పల్లెల్లో అనేకం అదే కాలంలో, అంతకుముందూ, ఆ తర్వాతా ఫ్లోరైడు నీళ్లే తాగుతూ వచ్చాయి. ఒకే జిల్లాకు రెండు చరిత్రలున్నాయి. ఒకటి ఎత్తిన చేతుల చరిత్ర, రెండవది ఎత్తలేకపోయిన చేతుల చరిత్ర. మొదటిదాన్ని మనం పాడుకున్నాం. రెండవదాన్ని వైద్యులకూ ఇంజనీర్లకూ వదిలేశాం.

2020లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు ఇచ్చిన సమాధానం ప్రకారం తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసాల సంఖ్య సున్నా. ఆ సున్నా నీటికి సంబంధించినది. మనుషులకు సంబంధించిన లెక్క వేరు. ఈ రెండు లెక్కల మధ్య వున్న తేడాయే ఈ వ్యాసానికి విషయం.

1

మొదట జబ్బు స్వభావాన్ని చూడాలి. నల్లగొండ నేల అడుగున వున్నది చాలా భాగం గ్రానైటు, గ్నీస్ రాయి. ఆ రాళ్లలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడు వుంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ, నీటిలో సున్నపు పాలు తక్కువ, క్షారగుణం ఎక్కువ అయినచోట ఆ ఫ్లోరైడు నెమ్మదిగా నీటిలోకి దిగుతుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన దేశపు ప్రమాణం 1 మిల్లీగ్రామునే కోరదగినదిగా పెట్టి, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటుంది. నల్లగొండ బావుల్లో, బోర్లలో ఇంతకు మూడు నాలుగు రెట్లు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ ఫ్లోరైడు వున్నట్టు పరీక్షల్లో తేలింది.

ఇది రుచికి తెలియదు, రంగుకు తెలియదు, వాసనకు తెలియదు. పల్లెల్లో మంచినీళ్లకు పెద్దలు పెట్టుకున్న పరీక్షలు రెండే. నాలుకకు ఉప్పగా తగలకూడదు, పప్పు త్వరగా ఉడకాలి. సున్నపు పాలు తక్కువ వున్న నీళ్లలో పప్పు బాగానే ఉడుకుతుంది. అటువంటి నీళ్లలోనే ఫ్లోరైడు ఎక్కువగా నిలుస్తుంది. అంటే తరతరాల అనుభవం మంచివని చెప్పిన నీళ్లే చాలాచోట్ల జబ్బు నీళ్లు అయ్యాయి. ఇది ప్రజల అజ్ఞానం కాదు. కంటికీ నాలుకకూ అందని దాన్ని అనుభవం పట్టుకోలేదు. దానికి ప్రయోగశాల కావాలి. ప్రయోగశాల సర్కారు చేతిలో వుంది.

జబ్బు రెండు విధాలుగా కనిపిస్తుంది. పళ్లు తయారయ్యే చిన్న వయసులో ఈ నీళ్లు తాగితే పంటి మీద సుద్ద మచ్చలు, గోధుమరంగు గారలు ఏర్పడతాయి. అవి తోమితే పోవు. చాలా ఏళ్లు తాగితే ఎముకలు మందమవుతాయి, కీళ్ల చుట్టూ వున్న నరంపట్టీలు గట్టిపడతాయి, వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయినట్టవుతాయి. నిటారుగా బిగిస్తే మనిషి నిటారుగా వుండిపోతాడు, వంగి బిగిస్తే వంగి వుండిపోతాడు. కొందరిలో వెన్నులోని నాళం ఇరుకై కాళ్లు పడిపోతాయి. ఒకసారి ఎముకలో ఈ మార్పు వచ్చాక వెనక్కి తిప్పే మందు లేదు. కొన్ని వంకరలకు, కొన్ని నరాల ఒత్తిళ్లకు శస్త్రచికిత్స కొంత మేలు చేస్తుంది, అంతే.

నీళ్లు అందరూ తాగేవే గదా, మరి ఇందులో వర్గం ఎక్కడుంది అని ఎవరైనా అడగవచ్చు. ఎండలో పనిచేసే కూలీ నీడలో కూర్చున్న మనిషి కంటే ఎక్కువ నీళ్లు తాగుతాడు. కనుక ఎక్కువ ఫ్లోరైడు తాగుతాడు. పాలు, పెరుగు అందని శరీరంలో సున్నపు ధాతువు తక్కువ. దాంట్లో ఫ్లోరైడు చేసే చెడుపు ఎక్కువ. కాన్పు మీద కాన్పు వచ్చిన స్త్రీ ఎముకల్లో అది మరీ తక్కువ. డబ్బున్నవాడు పిల్లల్ని పట్నంలో వుంచి చదివించుకున్నాడు. లేనివాడి పిల్లలు ఆ ఊరి బావి దగ్గరే పెరిగారు. నీరు ఒకటే, దాన్ని మోసిన ఒళ్లు ఒకటి కాదు.

2

ఈ జబ్బును గురించిన జ్ఞానం ఎట్లా పెరిగిందో చూద్దాం. పళ్ల మచ్చలకు నీటిలోని ఫ్లోరైడే కారణమని 1931లో అమెరికాలో తేలింది. 1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గ్రామాల్లో మనుషుల ఎముకలు బిగుసుకుపోవడాన్ని పరిశీలించి, దానికి తాగునీటి ఫ్లోరైడు కారణమని భారత వైద్య పరిశోధనా పత్రికలో రాశారు. ఇట్లా తాగునీటి వల్ల ఒక ప్రాంతమంతా ఎముకల జబ్బు పాలవడాన్ని గురించి ప్రపంచంలో వచ్చిన తొలి వివరమైన రచనల్లో అది ఒకటి. అంటే మన తెలుగు పల్లె రైతుకూలీల వెన్నెముకల మీదనే ఈ శాస్త్రం మొదలైంది.

1955లో, హైదరాబాదు రాష్ట్రం ఇంకా వుండగానే, డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రకటించాడు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఇదే ప్రాంతంలో పెరిగే వయసు పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వంకర వస్తున్నదని లాన్సెట్ పత్రికలో రాశారు. 1970ల్లోనే నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడును తేర్చే పద్ధతిని రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. ఊరికంతటికీ పనికివచ్చే ఈ పద్ధతి కేంద్రాన్ని 1980లో అనంతపురం జిల్లా కదిరిలో నెలకొల్పారు. ఆఫ్రికా ఖండంలోని టాంజానియా దాకా ఆ పేరు వెళ్లింది.

ఈ తేదీల వరుసను సాహిత్య విద్యార్థులు కొంచెం ఆగి చదవాలి. నెల్లూరు పరిశోధన 1937 నాటిది. నల్లగొండ పల్లెల్లో ఇంటింటికీ కృష్ణా, గోదావరి నీళ్లు పంపాలన్న మిషన్ భగీరథ పథకాన్ని ప్రారంభించింది 2016లో. మధ్య దాదాపు 80 ఏళ్లు. ఇంత కాలం లేనిది జ్ఞానం కాదు. జ్ఞానం ఇంగ్లీషు పత్రికల్లో వుంది, ఎక్స్‌రే పలకల మీద వుంది, ప్రపంచ సభల్లో వుంది. జబ్బుపడిన మనిషి ఎముక ఇంగ్లీషులోకి వెళ్లింది గాని ఇంగ్లీషులో రాసిన మాట ఆ మనిషి ఊరి బావి దగ్గరికి తిరిగి రావడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. ఇక ఇంటిలో చేసుకొమ్మన్న పటిక పద్ధతి మాటకొస్తే, రోజూ రెండు బకెట్లు పెట్టుకొని, పాళ్లు తప్పకుండా కలిపి, తేరేదాకా కాచుకొని, అడుగున మిగిలిన మడ్డిని పారబోయవలసిన పని అది. ఆ పని ఎవరి మీద పడుతుంది? కూలికి పోయి వచ్చిన ఆడమనిషి మీద. అప్పటికే వంగలేని నడుం మీద. ఒక పద్ధతి శాస్త్రంగా సరైనదైనా బతుకులో ఎందుకు నిలవలేదో తెలుసుకోవాలంటే ఆ ఇంటి రోజును తెలుసుకోవాలి.

మరొక వైరుధ్యం కూడా ఈ జిల్లాలోనే వుంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఈ జిల్లా సరిహద్దు మీదనే వుంది. 1967లో కాలవలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలవ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మాగాణి పండింది. ఎత్తున వున్న మునుగోడు, దేవరకొండ, మర్రిగూడ వైపు పల్లెలకు కృష్ణ కనుచూపు మేరలో వున్నా నోటికి అందలేదు. పైగా సాగర్ ఊట వల్ల భూగర్భజలమట్టం పెరిగి, నేలలోని రసాయనాలు మారి, జొన్న తినే పేదల పిల్లల్లో కాళ్ల వంకరలు రావడానికి అదీ ఒక కారణం కావచ్చునని పోషకాహార సంస్థ పరిశోధకులు ఆనాడే అనుమానించారు. అది ఊహగానే మిగిలిందనుకున్నా, ఆనకట్ట కింద ఎకరాలు లెక్కపెట్టిన ప్రణాళికలో పిల్లల మోకాళ్లకు గడి లేదన్నది మాత్రం వాస్తవం.

3

ఈ జబ్బును చూసినవాళ్లు దానికి ఏ అర్థం చెప్పుకున్నారు? ఇక్కడ మన పాత సాహిత్యం ప్రవేశిస్తుంది. వంకరపోయిన శరీరానికి మన పురాణేతిహాసాలు మూడు అచ్చులు పోసిపెట్టాయి. ఒకటి మంథర. గూని ఒంట్లో వున్నది బుద్ధిలోకి దిగిందన్నట్టు, ఆమె వంకరకూ ఆమె కుట్రకూ ముడిపెట్టారు. రెండవది కుబ్జ. దేవుడు చెయ్యి వేసి నిటారు చేస్తేనే ఆమె కథకు సార్థకత. మూడవది అష్టావక్రుడు. తండ్రి శాపం వల్ల ఎనిమిది వంకరలతో పుట్టి, మహాజ్ఞాని అయ్యాడు గనుక గౌరవం పొందాడు. పాపి, అద్భుతం, జ్ఞాని. ఈ మూడింటి మధ్య మామూలుగా తిని, కూలికి వెళ్లి, పిల్లల్ని కసురుకొని, రాత్రి నొప్పితో మేలుకొనే మనిషికి చోటు లేదు.

పల్లె మనుషులు కూడా మొదట చెప్పుకున్న కారణాలు ఈ అచ్చుల్లోంచే వచ్చాయి. పూర్వజన్మ కర్మ, శాపం, గ్రామదేవత ఆగ్రహం. వీటికంటే ఎక్కువగా వాతం, ముసలితనం. ఒక విషయం గమనించాలి. ఊరందరి నీళ్లూ ఒకటే అయినప్పుడు ఊరందరి పళ్లకూ గార వుంటుంది, యాభై దాటిన ప్రతి మెడా బిగుస్తుంది. అప్పుడది జబ్బులా కనపడదు. మనిషి బతుకు తీరే అంతని అనిపిస్తుంది. తన శరీరంలో ఏదో తేడా వుందని అక్కడి మనిషికి తెలిసేది ఊరు దాటినప్పుడు. బస్టాండులో, మేనమామ ఊళ్లో, పెళ్లిచూపుల్లో. ఫలానా ఊరి పిల్ల అనగానే అవతలివాళ్లు పళ్లకేసి చూడటం మొదలుపెడతారు. వైకల్యమనేది ఒక్క ఎముకలోనే వుండదు, రెండు ఊళ్ల మధ్య, రెండు చూపుల మధ్య కూడా తయారవుతుందని దీనివల్ల తెలుస్తుంది.

తర్వాత పత్రికలు వచ్చాయి. పత్రికలు ఫ్లోరైడు భూతమన్నాయి, రక్కసి అన్నాయి. నేటికీ ఆ శీర్షికలు ఆగలేదు. ఉద్దేశం మంచిదే, కోపం న్యాయమైనదే. కాని కర్మ అనే మాట చేసిన పనినే భూతం అనే మాటా చేస్తున్నది. భూతాన్ని ఎవరూ కాలవ తవ్వి తేలేదు, ఎవరూ నిధులు ఆపి నిలపలేదు. భూతానికి బడ్జెట్ పద్దు వుండదు, టెండరు వుండదు, బాధ్యుడైన అధికారి వుండడు. శాస్త్రం కర్మ నుంచి విడిపించిన జబ్బును మన భాష మళ్లీ దయ్యాల కథలో పెట్టింది. భూతంతో పాటు ఒక ఫొటో వచ్చింది. కాళ్లు వంకరపోయి నేల మీద పడివున్న ఒక శరీరం. ఇది నాలుగవ అచ్చు. చూసినవాడికి జాలి కలుగుతుంది, పేజీ తిప్పగానే పోతుంది. ఆ ఫొటోలోని మనిషికి ఏ పాట ఇష్టమో, ఎవరి మీద కోపమో, ఎవరితో మాట్లాడటం మానేశాడో ఫొటో చెప్పదు. కవిత్వం, కథ చెప్పాలి. అవీ చాలాసార్లు ఫొటోను మాటల్లో తిరిగి రాసి ఊరుకున్నాయి.

4

కనుక ఆ మనిషి రోజు ఎట్లా వుంటుందో ఒకసారి చూద్దాం.

జబ్బు ముదిరిన మనిషికి తెల్లవారడమే ఒక పని. రాత్రంతా కదలక బిగుసుకున్న వెన్ను ఒక్కసారి లేవదు. పక్కకు దొర్లి, మంచం పట్టె పట్టుకొని, కాళ్లు ముందు దించి, తర్వాత ఒళ్లు లేపాలి. బహిర్భూమికి వెళితే గొంతుకూర్చోవడం కుదరదు. సర్కారు కట్టించిన మరుగుదొడ్డి కూడా గొంతుకూర్చునేదే. మొహం కడుక్కోవడానికి వంగాలి. నీళ్లు తాగేటప్పుడు తల వెనక్కి వాలదు గనుక గ్లాసులో అడుగున మిగిలిన నీళ్లు నోట్లోకి రావు. నడుం నుంచి ఒళ్లంతా వెనక్కి వాల్చాలి, లేదా ఆ గుక్కెడు వదిలెయ్యాలి. చేతులు తల వెనక్కి వెళ్లని ఆడమనిషి తన జడ తాను వేసుకోలేదు. కూతురు వుంటే కూతురు వేస్తుంది, కూతురు అత్తవారింటికి పోతే జుట్టు కత్తిరించుకుంటుంది, లేదా ముడి వేయించుకోవడానికి ఇరుగింటికి వెళుతుంది. వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేదు, మనిషి మొత్తం తిరగాలి. తిరిగేలోపు పిలిచినవాళ్లు పొగరనుకుంటారు.

పొలం పనుల్లో నాటు వంగి వేసేది, కలుపు వంగి తీసేది, కోత వంగి కోసేది. ఈ మూడూ పోతే వ్యవసాయ కూలీకి ఏడాదిలో మిగిలే రోజులెన్ని? మిగిలింది మేకలు కాయడం, కాపలా వుండటం, ఇంటిముందు చిన్న దుకాణం పెట్టుకోవడం. పెళ్లిళ్లలో బంతిలో బాసింపట్టు వేసుకొని కూర్చోలేని మనిషి అరుగు మీద విడిగా కూర్చుంటుంది. ఒకసారి విడిగా కూర్చున్నవాళ్లను రెండవసారి ఎవరూ బంతిలోకి పిలవరు. వెలి ఎట్లా మొదలవుతుందో చూడండి. ఎవరూ తీర్మానం చెయ్యరు, ఎవరూ చెడ్డవాళ్లు కారు. కూర్చునే తీరు ఒక్కటే చాలు. ఫ్లోరైడు పల్లెల్లో పనిచేసిన ఉపాధ్యాయులకు ఇంకొకటి తెలుసు. గ్రూపు ఫొటో తీసేటప్పుడు నవ్వమంటే పెదవులు బిగించుకునే పిల్లలు, మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఆడపిల్లలు.

ఇక్కడ మన భాషలో ఒక మాట వుంది. పని దొంగను గురించి వాడికి ఒళ్లు వంగదు అంటాం. ఒళ్లు వంచి పనిచెయ్యమని పిల్లల్ని మందలిస్తాం. నిజంగానే ఒళ్లు వంగని మనిషి చెవికి ఆ మాట ఎట్లా తగులుతుంది? జబ్బు పైకి కనపడని తొలి ఏళ్లలో, అంటే నొప్పులే వుండి వంకర ఇంకా రాని దశలో, కూలికి పెట్టుకున్న ఆసామి, ఒక్కోసారి ఇంట్లోవాళ్లు, ఆ మాటే అంటారు. దీర్ఘవ్యాధితో బతికేవాళ్లందరికీ, అది ఫ్లోరోసిస్ అయినా కీళ్లవాతమైనా మూర్ఛ అయినా, ఇది తెలిసిన బాధే. నొప్పిని భరించడం ఒక పని, నొప్పి వున్నదని నమ్మించడం రెండవ పని.

5

నమ్మించవలసినవాళ్లలో ప్రభుత్వం మొదటిది. మన దేశపు జనాభా లెక్కల్లో వైకల్యం కథ విచిత్రమైనది. బ్రిటిషు కాలంలో 1931 దాకా మతిలేనివారిని, చెవిటి మూగవారిని, గుడ్డివారిని, కుష్టురోగులను లెక్కపెట్టారు. 1941 నుంచి 1971 దాకా నాలుగు లెక్కల్లో ఆ ప్రశ్నే లేదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లో, పంచవర్ష ప్రణాళికలు ఉధృతంగా సాగిన కాలంలో, వికలాంగులు ఎందరో ప్రణాళికకు తెలియదు. 1981లో, అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం గనుక, మళ్లీ అడిగారు. అదీ పూర్తిగా అంధులైనవారిని, పూర్తిగా మూగవారిని, పూర్తిగా అవిటివారిని మాత్రమే. మెడ తిరగకపోయినా కర్ర ఊతంతో నడిచే నల్లగొండ మనిషి పూర్తిగా అవిటి కాదు గనుక ఆ లెక్కలో పడదు. 1991లో మళ్లీ మానేశారు. 2001లో లెక్క 2.19 కోట్లు, 2011లో 2.68 కోట్లు. ప్రశ్న మారితే మనుషుల సంఖ్య మారింది.

1995 చట్టంలో 7 రకాల వైకల్యాలు వుండగా, 2016 చట్టం వాటిని 21కి పెంచింది. వికలాంగుల ఉద్యమాలు సాధించిన విజయమది. అయినా ఆ 21లో ఫ్లోరోసిస్ పేరు లేదు. కదలిక వైకల్యం కింద, కీళ్లు ఎంత వంగుతున్నాయో కొలిచి, శాతం కట్టి ధ్రువపత్రం ఇవ్వాలి. 40 శాతం గీత దాటితేనే చాలా సౌకర్యాలు. కీలు ఎన్ని డిగ్రీలు వంగిందో కొలవవచ్చు. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో, ఏ పని చెయ్యడానికి ఎవరి సాయం అడగవలసి వచ్చిందో, అడిగినప్పుడు ఎంత చిన్నబోయారో ఆ కాగితంలో రాదు. కార్యాలయానికి రావడానికి ఎక్కవలసిన బస్సు మెట్టు కూడా రాదు.

అందుకే నల్లగొండ ప్రజలు తమను తాము ఇంకొక విధంగా లెక్కపెట్టించుకున్నారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి పిలుపు మీద, నల్లగొండ స్థానంలో వందలాదిమంది నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది. గెలవడానికి కాక, లెక్కలోకి రావడానికి చేసిన పోటీ అది. కాగితాల మీద కనపడనివాళ్లు కాగితాన్నే ఆయుధం చేసుకున్నారు. అదే 1996లో చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. నీళ్లు కావాలని వాళ్లు తట్టిన తలుపుకు ఇంకొక గడియ పడింది.

ఆ తర్వాత పోరాటాల ఫలితంగా కృష్ణా నీళ్లు కొన్ని పల్లెలకు తాగడానికి వచ్చాయి. 2016 నుంచి మిషన్ భగీరథ గొట్టాలు వచ్చాయి. ఇది చిన్న విషయం కాదు. శుద్ధమైన నీరు తాగి పెరిగే పిల్లలకు గార పళ్లు వుండవు. దీన్ని చులకన చెయ్యడం ఆ పోరాడినవాళ్లను చులకన చెయ్యడమే అవుతుంది. జిల్లా మెట్ట భూములకు సాగునీరు తేవలసిన శ్రీశైలం ఎడమగట్టు కాలవ సొరంగం మాత్రం దశాబ్దాలుగా సాగుతూ వచ్చింది. 2025 ఫిబ్రవరి 22న దాని కప్పు కూలి 8 మంది లోపల చిక్కుకున్నారు. నల్లగొండకు నీళ్లు తేవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన శ్రామికుల శరీరాలు కూడా ఈ చరిత్రలో భాగమే.

సున్నా అనే అంకె ఇప్పుడు మనకు సరిగా అర్థమవుతుంది. కొత్తగా జబ్బు రాకుండా ఆపడం ఒక పని. వచ్చిన జబ్బుతో ఇంకా 20, 30 ఏళ్లు బతకవలసిన వాళ్లతో వుండటం వేరొక పని. మొదటిది ఇంజనీరింగు. అది ఒకనాటికి పూర్తవుతుంది, దానికి శిలాఫలకం వుంటుంది. రెండవది రోజూ మొదలయ్యేది. వాళ్లకు ఎత్తు పీట వున్న మరుగుదొడ్డి కావాలి, కాల్షియం వున్న తిండి కావాలి, నొప్పి తగ్గించే వైద్యం మండలంలోనే కావాలి, వంగకుండా చెయ్యగల ఉపాధి కావాలి, పింఛను కావాలి. ఆవాసం సున్నాలోకి వెళ్లినా ఆ ఊరి వెన్నులు సున్నాలోకి వెళ్లలేదు.

6

ఇక రచయితల బాధ్యత మాట. వికలాంగులను ఏమని పిలవాలనే చర్చ మన కాలంలో బాగా జరిగింది. గుడ్డి, కుంటి, అవిటి పోయి వికలాంగులు వచ్చింది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి దివ్యాంగులు అన్నాడు, తర్వాత సర్కారు కాగితాల్లో ఆ మాట పాకింది. అనేక వికలాంగ సంఘాలు దాన్ని వ్యతిరేకించాయి. దివ్యత్వం కుబ్జ, అష్టావక్రుల అచ్చులోదే గనుక వాళ్ల అభ్యంతరం సరైనది. మరుగుదొడ్డి అడిగినవాడికి మహిమ ఇస్తే ఏం చేసుకుంటాడు?

అయితే పాలకుల మాటను విమర్శించే ముందు మన మాటను కూడా చూసుకోవాలి. గుడ్డి చట్టం, చెవిటి ప్రభుత్వం, కుంటి ప్రజాస్వామ్యం, కుష్టు వ్యవస్థ. ప్రగతిశీల కవిత్వంలో, ఉపన్యాసంలో ఈ పదబంధాలు ఎన్నిసార్లు వాడామో లెక్కలేదు. వ్యవస్థ దుర్మార్గాన్ని చెప్పడానికి దాని బాధితుల శరీరాన్నే తిట్టుగా వాడుతున్నాం. ప్రభుత్వం చెవిటిది కాదు. దానికి వినపడుతుంది, అది వినదు. చెవిటి మనిషి వినలేకపోవడానికీ పాలకుడు వినకపోవడానికీ వున్న తేడాను చెరిపేసిన ఉపమానం కవిత్వంగానూ బలహీనమైనది, రాజకీయంగానూ తప్పు. అదే విధంగా వంగని మెడ, వంచని తల మనకు వీరత్వానికి గుర్తులు. నల్లగొండలో మెడ వంగకపోవడం వీరత్వం కాదు, అన్యాయం ఎముకలో గడ్డకట్టిన రూపం. ఆ సంగతి తెలిసిన కవి ఆ మాటను మళ్లీ వాడేటప్పుడు ఒక్క క్షణం ఆగుతాడు. ఆగాలని మాత్రమే ఈ వ్యాసం కోరుతున్నది. మాటలను నిషేధించాలని కాదు.

చివరిగా, రాయవలసింది ఎవరు? బయటివాళ్ల సానుభూతి ఇప్పటికే చాలా రాసింది. ఫ్లోరైడు పల్లెల్లో పుట్టి పెరిగి చదువుకున్న తరం ఇప్పుడు వుంది. తమ తల్లుల జడలు వేసినవాళ్లు, తండ్రుల్ని మంచం మీద నుంచి లేపినవాళ్లు, తమ పళ్లను తాము అద్దంలో చూసుకొని నవ్వు మానుకున్నవాళ్లు వాళ్లే. వాళ్ల చేత రాయించడం, వాళ్లు చెప్పింది చెప్పినట్టు సేకరించి అచ్చువేయడం మన సంఘాలు చెయ్యగల పని. వైద్య పత్రికల్లో ఈ జబ్బు చరిత్ర 1937 నుంచి వుంది. తెలుగులో, జబ్బుపడినవాళ్ల మాటల్లో, ఆ చరిత్ర ఇంకా రాయవలసే వుంది. జబ్బు ముదిరిన తరం వయసు మళ్లుతున్నది. నీళ్లు రావడానికి 80 ఏళ్లు పట్టింది. వాళ్ల మాటలకు అంత గడువు లేదు.